ఆన్‌లైన్ బయాలజీ ల్యాబ్‌లో మార్కులు ఎక్కడ పోతాయంటే

ఇంటర్లో బైపీసీ, డిగ్రీలో బీజెడ్‌సీ చదివాను. పెళ్ళయి డాలస్ దగ్గరికి వచ్చాక డెంటల్ హైజీన్ (డెంటిస్టు దగ్గర పళ్ళు శుభ్రం చేసే పని) కోర్సులో చేరాలంటే ముందుగా చదవాల్సిన కోర్సులు కొన్ని ఉన్నాయన్నారు, అందులో మొదటిది బయాలజీ 1, ల్యాబ్‌తో కలిపి, కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. కణం, మైటోసిస్, ఆస్మాసిస్ అన్నీ ఎప్పుడో బట్టీ కొట్టేసినవే కదా, ఏ గ్రేడు ఎక్కడికి పోతుందిలే అనుకున్నా. మూడో వారానికి నా ల్యాబ్ సగటు 71. అందులో ఒక్క మార్కు కూడా బయాలజీ రాక పోయింది కాదు. ఫొటోలో నా పేరు రాసిన చీటీ పెట్టలేదని కొన్ని, పీడీఎఫ్ బదులు ఫోన్ ఫొటోలు వరసగా అప్‌లోడ్ చేశానని కొన్ని, గ్రాఫులో యూనిట్లు రాయలేదని కొన్ని, ఒకటైతే గడువు దాటి ఆరు నిమిషాలకి పంపానని.

ఆ తర్వాత దారిన పడి చివరికి ఏ గ్రేడే తెచ్చుకున్నాననుకోండి. కానీ మన దగ్గర సైన్సు బాగా చదివి వచ్చినవాళ్ళే ఈ కోర్సులో ఎక్కువ దెబ్బ తింటున్నారని నా అనుమానం, ఎందుకంటే వాళ్ళు సబ్జెక్టు చూసుకుంటారు, రూల్స్ చూసుకోరు. అందుకే ఇది రాస్తున్నా. అమెరికాలో కొత్తగా కాలేజీ మొదలుపెట్టేవాళ్ళకీ, హైస్కూల్లో ఉండగానే డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకీ కాలేజీకీ రెండిటికీ లెక్కకొచ్చే కోర్సు) తీసుకునే పిల్లల తల్లిదండ్రులకీ పనికొస్తుంది.

చేరకముందే

మొట్టమొదట, మీరు ఎందుకోసం ఈ కోర్సు చేస్తున్నారో ఆ ప్రోగ్రాం వాళ్ళు ఆన్‌లైన్ ల్యాబ్‌ని ఒప్పుకుంటారా లేదా కనుక్కోండి. నర్సింగ్, డెంటల్, ఫార్మసీ, మెడిసిన్, ఒక్కో స్కూలుది ఒక్కో పద్ధతి. కొందరికి అభ్యంతరం ఉండదు, కొందరు ల్యాబ్ మాత్రం నేరుగా వెళ్ళి చేసి ఉండాలంటారు. ఫోన్లో అడిగితే ఒకళ్ళు ఒకటి చెప్తారు ఇంకొకళ్ళు ఇంకొకటి చెప్తారు, కాబట్టి ఈమెయిల్ పెట్టి ఆ జవాబు దాచుకోండి. సెమిస్టరంతా కష్టపడి చేసి ఆ క్రెడిట్ చెల్లదంటే ఆ బాధ ఇంతా అంతా కాదు.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు. ఫుల్‌టైమ్ లెక్కలోకి ఒక సెమిస్టర్లో ఒక్క ఆన్‌లైన్ క్లాసు, అంటే 3 క్రెడిట్ల వరకే తీసుకుంటారు. బయాలజీ, ల్యాబ్‌తో కలిపితే చాలాచోట్ల 4 క్రెడిట్లు. డిగ్రీ పిల్లలకి 12 క్రెడిట్లు ఉండాలి కదా, సరిగ్గా 12 మాత్రమే పెట్టుకుని అందులో ఇది ఒకటి అయితే వీసా స్టేటస్‌కే ముప్పు రావచ్చు. రిజిస్టర్ చేసే ముందే కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే ఆఫీసర్‌ని, అంటే మీ డీఎస్‌వోని అడగండి, వాట్సాప్ గ్రూపులో కాదు. భర్తదో భార్యదో హెచ్-1బీ అయి హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు.

టైమ్ సంగతి. ఆన్‌లైన్ అంటే ఖాళీ ఉన్నప్పుడు చూసుకోవచ్చు, పిల్లాడు పడుకున్నాక చేసుకోవచ్చు అనుకుంటాం. ఫెడరల్ రూల్ ప్రకారం ఒక క్రెడిట్ అంటే దాదాపు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత పని. 4 క్రెడిట్లంటే వారానికి 12 గంటలు. అదే వేసవిలో 8 వారాల్లో చేస్తే దాదాపు రెట్టింపు. ఉద్యోగం చేస్తూ వేసవిలో తీసుకుంటానంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి అంటాను నేను.

సిలబస్ అంటే పాఠాల లిస్టు కాదు

మనకి సిలబస్ అంటే ఎన్ని చాప్టర్లు, ఏ చాప్టర్‌కి ఎన్ని మార్కులు, అంతే. ఇక్కడ ఆ మాటకి అర్థమే వేరు. పది పదిహేను పేజీల కాగితం, అందులో పాఠాల లిస్టు ఒక్క పేజీ, మిగతాదంతా రూల్స్. ఎప్పటికి పంపాలి, ఎలా పంపాలి, ఆలస్యమైతే ఏం జరుగుతుంది, ఎవరు సాయం చేయొచ్చు, ఎవరు చేయకూడదు అన్నీ అందులోనే ఉంటాయి. తర్వాత మీరు ఏ గొడవ పెట్టుకున్నా ప్రొఫెసర్ మొదట చూపించేది ఆ కాగితమే, మీరు చూపించగలిగేదీ అదే. మొదటి వారంలో సిలబస్ మీదే ఒక క్విజ్ పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, అది పాసైతేగానీ మొదటి ల్యాబ్ తెరుచుకోదు. నేను దాన్ని రెండు నిమిషాల్లో నొక్కేసి అవతల పడేశాను. అక్కడే తప్పు చేశా.

చదివేటప్పుడు ముఖ్యంగా దేనికి ఎంత వెయిటేజీ ఉందో చూడండి. మా కోర్సులో వారం వారం ల్యాబులు 40 శాతం, పెద్ద ల్యాబ్ రిపోర్టులు 25, క్విజ్‌లు 15, చివర ప్రాక్టికల్ పరీక్ష 15, డిస్కషన్ పోస్టులు 5. మీ కోర్సులో అంకెలు వేరే ఉంటాయి, లెక్క మాత్రం ఇలాగే ఉంటుంది. ఇందులో మనవాళ్ళకి అలవాటు లేనిదేంటంటే చివరి పరీక్షకి 15 శాతమే ఉండటం. మనం ఏడాదంతా ఎలా ఉన్నా చివరి నెలలో పుస్తకం పట్టుకుని గట్టెక్కిపోయే బాపతు. ఇక్కడ ఆ ఆట సాగదు, చివరి పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నా వారాల తరబడి పోయినవి తిరిగి రావు.

ఒక లెక్క చూడండి. పది ల్యాబులు, తొమ్మిదింటిలో 90 శాతం చొప్పున వచ్చాయి, ఒకటి పంపనే లేదు, సున్నా. సగటు 81కి పడిపోతుంది. ఆ ఒక్కటి సగం సగం చేసి పంపి 50 తెచ్చుకున్నా సగటు 86. కాబట్టి ప్రయోగం పాడైందనో, పూర్తి కాలేదనో, నామోషీగా ఉందనో పంపడం మానేయకండి. ఖాళీ టేబుల్‌తో అయినా సరే, ఉన్నది ఉన్నట్టు పంపేయండి. సున్నాకి మించిన శత్రువు లేదు ఈ కోర్సులో.

ఆలస్యం విషయంలో రెండు మూడు రకాలున్నాయి. రోజుకి 10 శాతం కోసేవాళ్ళు ఉన్నారు, మూడు రోజుల తర్వాత అసలు తీసుకోనివాళ్ళు ఉన్నారు, క్విజ్‌లకి ఆలస్యం అనేదే లేనివాళ్ళు ఉన్నారు. కొందరు అన్నిటికంటే తక్కువ వచ్చిన ఒక ల్యాబ్‌ని లెక్కలోంచి తీసేస్తారు. అది ఉంది కదా అని మొదట్లోనే ఒకటి ఎగ్గొట్టకండి, నవంబర్లో జ్వరం వస్తే వాడుకోవడానికి దాచుకోండి. ఇంకో వాక్యం కోసం ప్రత్యేకంగా వెతకండి: ల్యాబ్‌లో విడిగా పాస్ కావాలనీ, ఇన్ని ల్యాబులకి మించి మిస్సయితే మొత్తం కోర్సే ఫెయిలనీ చాలా సిలబస్‌లలో ఉంటుంది, ఏ మూలో చిన్నగా రాసి ఉంటుంది. థియరీలో 95 ఉన్నా అప్పుడు పనికిరాదు.

89.6 వస్తే 90 చేస్తారా? సిలబస్‌లో రౌండ్ చేయం అని రాసి ఉంటే చేయరు, బతిమాలినా చేయరు. మనవాళ్ళు ఇక్కడే పెద్ద ఈమెయిల్ రాస్తారు, ఇంటి కష్టాలన్నీ చెప్పి. దానికంటే ఆరో వారంలో ఒక డిస్కషన్ పోస్టు సరిగా రాసి ఉంటే సరిపోయేది.

రాత్రి 11:59

గడువులన్నీ సాధారణంగా ఆదివారం రాత్రి 11:59కి ఉంటాయి. 11:50కి అప్‌లోడ్ మొదలుపెడితే వైఫై మీద మొహం వాచేలా తిట్లు తప్ప మిగిలేదేమీ ఉండదు. నేను పెట్టుకున్న పద్ధతి, నా గడువు శనివారం రాత్రి. ఆదివారం అన్నది పాడైనదాన్ని బాగుచేసుకోవడానికి.

సెమిస్టర్ మధ్యలో ఇండియా వెళ్తే ఇంకా జాగ్రత్త. డాలస్‌లో రాత్రి 11:59 అంటే వేసవి టైమ్‌లో ఇండియాలో మర్నాడు పొద్దున 10:29. నవంబర్ మొదటి ఆదివారం డాలస్‌లో గడియారం ఒక గంట వెనక్కి తిప్పాక అదే 11:29 అవుతుంది, మళ్ళీ మార్చి రెండో ఆదివారం నుంచి 10:29. కాలేజీ క్లాసులు నడిపే సైటు కాన్వాస్ అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి టైమ్ జోన్ ఏది పెట్టి ఉందో చూసుకోండి, తెర మీద కనిపించే గడువు దాన్నిబట్టే ఉంటుంది. చెల్లి పెళ్ళికి ఇండియా వెళ్ళి మెహందీ చేతులతో లోటాలో ఆలుగడ్డ ముక్కలు తూచిన చరిత్ర నాది, అందుకే చెప్తున్నా. ఇంట్లో ప్రయోగాలకి కంపెనీ పంపే సామాను పెట్టె, అంటే కిట్, సూట్‌కేసులో పట్టుకెళ్దామని మాత్రం అనుకోకండి, అందులో ఆమ్లాలు క్షారాలు ఉంటాయి, విమానంలో తీసుకెళ్ళనివ్వరు. ప్రయాణం ఉంటే ఏ వారాల్లో కిట్ ల్యాబులున్నాయో చూసుకుని వాటిని ముందే చేసేయొచ్చా అని ప్రొఫెసర్‌ని అడగండి. చాలామంది సరేనంటారు, ముందే అడిగితే.

గ్రేడ్ల పేజీలో ఇంకో మోసం ఉంది. కాన్వాస్ మామూలుగా దిద్దినవాటినే లెక్కేసి మొత్తం చూపిస్తుంది. మీరు పంపనివాటికి ప్రొఫెసర్ ఇంకా సున్నా వేయకపోతే అక్కడ 94 అని ముచ్చటగా కనపడుతుంది. దిద్దినవాటినే లెక్కించు అనే చిన్న గడి పక్కన టిక్కు ఉంటుంది, అది తీసేస్తే మిగతావన్నీ సున్నాలుగా లెక్కేసి అసలు రంగు బయటపెడుతుంది. ఏ అసైన్‌మెంట్ దగ్గరైనా మార్కు మీద నొక్కి, నాకు 18 వస్తే మొత్తం ఎంతవుతుందో వేసుకుని చూసుకోవచ్చు కూడా. అది మీకు మాత్రమే కనిపిస్తుంది, భయం లేదు. ప్రతి శుక్రవారం ఒకసారి చూసుకోండి చాలు.

లాగిన్ అయి చూసి వెళ్ళిపోతే హాజరు పడదు, ఇది కూడా గుర్తుంచుకోండి. ఫెడరల్ ఎయిడ్ (చదువుకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బు సాయం) తీసుకునేవాళ్ళ విషయంలో లాగిన్ ఒక్కటే లెక్కలోకి రాదు, క్విజ్ రాయడమో అసైన్‌మెంట్ పంపడమో ఏదో ఒకటి చేసి ఉండాలి. మొదటి వారం ఏమీ చేయకపోతే క్లాసులోంచి పేరు తీసేసే కాలేజీలున్నాయి.

వంటింట్లో ల్యాబ్

కిట్ ఎప్పుడు వస్తుంది అనేదే మొదటి టెన్షన్. క్లాసు మొదలైన రోజు ఆర్డర్ చేస్తే రెండో ల్యాబ్‌కి అందకపోవచ్చు, కిట్ రాలేదన్నది గడువు పొడిగించడానికి కారణంగా ఒప్పుకోమని మా సిలబస్‌లో ముందే రాశారు. రాగానే పెట్టె విప్పి లిస్టుతో సరిచూసుకోండి, పగిలినవీ లేనివీ ఉంటే అప్పుడే కంపెనీకి రాయండి. పదో వారంలో చూసుకుని డయాలిసిస్ ట్యూబ్ లేదంటే ఎవరూ వినరు. నాకు కిట్‌కి 180 డాలర్లయింది, ఫీజు కాక. కొన్ని కోర్సుల్లో కిట్ ఉండదు, అంతా కంప్యూటర్ మీద సిమ్యులేషన్లే. అవి తేలిక అనుకుంటాం గానీ మీరు ఎక్కడెక్కడ తప్పు నొక్కారో కూడా లెక్కలో పడే రకాలున్నాయి, కాబట్టి ముందు సూచనలు చదివి తర్వాత నొక్కండి.

మొదటి ల్యాబ్ ఎప్పుడూ సేఫ్టీ. కళ్ళద్దాలు, గ్లౌజులు వేసుకుని ఫొటో పెట్టాలి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అది పెట్టకుండా తర్వాతివి పంపితే దిద్దరు. మనిళ్ళలో నేను చెప్పే రూల్ ఒకటే, వంట గిన్నె ల్యాబ్‌లోకి రాకూడదు, ల్యాబ్ గిన్నె మళ్ళీ వంటకి పోకూడదు. డాలర్ షాపులో నాలుగు ప్లాస్టిక్ గ్లాసులు, ఒక ట్రే కొని విడిగా పెట్టుకోండి. ప్రోటీన్ పరీక్షకి వాడే బైయూరెట్ ద్రావణంలో కాపర్ సల్ఫేటు, కాస్టిక్ సోడా ఉంటాయి, అది పిల్లలకి అందే చోట పెట్టేది కాదు. స్ట్రాబెర్రీ నలిపి, గిన్నెలు తోమే సబ్బూ ఉప్పూ కలిపి, చల్లటి ఆల్కహాల్ పోస్తే డీఎన్‌ఏ తెల్లగా దారాల్లా తేలుతుంది, ఇంటిల్లిపాదీ వచ్చి చూస్తారు. మిగిలిన స్ట్రాబెర్రీలు కూడా అప్పటికే ల్యాబ్ సామాను, తినకండి.

మనింట్లో దొరికేవి కొన్ని భలే పనికొస్తాయి. అయోడిన్ పరీక్షకి అన్నం వార్చిన గంజి వాడాను, నల్లగా నీలంగా ఎంత చక్కగా వచ్చిందో. బెనడిక్ట్ పరీక్షకి పంచదార నీళ్ళు పెట్టి రంగు మారలేదేంటని కంగారుపడకండి, పంచదార మారదు, గ్లూకోజ్ అయితే వేడి చేస్తే నారింజ రంగుకి తిరుగుతుంది. మారకపోవడమే అక్కడ జవాబు. క్యాటలేజ్ ఎంజైమ్ ప్రయోగానికి లివర్ తెమ్మంటారు, శాకాహారులైతే ఆలుగడ్డతో చేయొచ్చా అని అడగండి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే దాంతోనూ నురగ వస్తుంది. తర్వాతి సెమిస్టర్లో డిసెక్షన్ ఉండే కోర్సులున్నాయి, పిండం దశలో ఉన్న పంది కూడా రావచ్చు పెట్టెలో. మతం వల్లనో మనసొప్పకనో చేయలేమనుకుంటే మొదటి వారమే రాసి ప్రత్యామ్నాయం అడగండి, పెట్టె ఇంటికొచ్చి అత్తగారు చూశాక కాదు.

ఫొటోల మాట మళ్ళీ చెప్తాను, ఎందుకంటే నాకు ఎక్కువ మార్కులు పోయింది ఇక్కడే. ప్రతి ఫొటోలో మీ పేరు, తేదీ చేత్తో రాసిన చీటీ కనపడాలి. ప్రయోగం అయిపోయాక గుర్తొస్తే చేసేదేం లేదు, మళ్ళీ చేయాలి. ఫ్రిజ్ మీద అతికించిపెట్టుకోండి ఆ చీటీని, తేదీ ఒక్కటి మార్చుకుంటూ.

రికార్డు వేరు, రిపోర్టు వేరు

మా ఇంటర్లో బాటనీకి 30, జువాలజీకి 30 మార్కులు ప్రాక్టికల్స్‌కి. రికార్డు ఎలా రాసేవాళ్ళమో అందరికీ తెలుసు. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని, తెల్ల పేజీ మీద పెన్సిల్ బొమ్మ, గీతల పేజీ మీద ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం. అందరి రికార్డూ ఒకటే. అలా ఉండటం తప్పని ఎవరూ చెప్పలేదు, ఉండకపోతేనే తప్పు. కెమిస్ట్రీలో బ్యూరెట్ రీడింగులు వెనకనుంచి లెక్క కట్టి రాసుకోవడం కూడా ఒక విద్యే అనుకునేవాళ్ళం.

అదే పని ఇక్కడ చేస్తే రెండు నేరాలు. ఒకటి కాపీ, రెండోది డేటా కల్పించడం. రెండోదే పెద్దది. ఆ ల్యాబ్‌కి సున్నా, రెండోసారి దొరికితే కోర్సులో ఎఫ్, అంటే ఫెయిల్, పైగా కాలేజీ ఫైల్లో మీ పేరు. ఇద్దరు స్నేహితులు కలిసి ప్రయోగం చేసుకోవచ్చని ఉన్నా రాత ఎవరిది వాళ్ళదే.

ఇంతకీ మార్కులు ఇచ్చేది రైట్ ఆన్సర్‌కి కాదు. ఇది అర్థం కావడానికి నాకు ఐదు వారాలు పట్టింది. ఆస్మాసిస్ ల్యాబ్‌లో ఆలుగడ్డ ముక్కల్ని వేర్వేరు ఉప్పునీళ్ళలో వేసి బరువు ఎంత తగ్గిందో చూడాలి. ఉప్పు పెరిగేకొద్దీ ఎక్కువ తగ్గాలి కదా, నాకు 5 శాతం నీళ్ళలో కంటే 2 శాతంలో ఎక్కువ తగ్గింది. పాత అలవాటు చేతిలో చురుక్కుమంది, రెండు అంకెలు అటూ ఇటూ మార్చేస్తే పోదా అని. మార్చలేదు. ముక్కల్ని తూచేముందు అన్నిట్నీ ఒకేలా తుడవలేదు, ఒకదానికి తడి మిగిలింది, అందుకే ఇలా వచ్చి ఉండొచ్చు, మళ్ళీ చేస్తే ప్రతిదాన్నీ ఒకే రకం కాగితం మీద పది సెకన్లు ఒత్తుతాను అని రాశా. 20కి 19. ఆ ఒకటి పోయింది కూడా టేబుల్‌కి శీర్షిక పెట్టనందుకు.

రిపోర్టులో దేనికి మార్కులో ముందే చెప్పే టేబుల్ ఒకటి ఇస్తారు, రూబ్రిక్ అంటారు. రాయడం మొదలుపెట్టే ముందు దాన్ని పక్కన తెరిచి పెట్టుకోండి, అయిపోయాక ఒక్కో గడి చదివి ఇది నా రిపోర్టులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలనా అని చూసుకోండి. దిద్దేవాళ్ళు చేసేది సరిగ్గా అదే.

పరికల్పన (హైపోథిసిస్) రాసేటప్పుడు ఇలా మారిస్తే అలా మారుతుంది, ఎందుకంటే ఇది, అని ఒక్క వాక్యంలో తేల్చండి. మీరు మార్చేది గ్రాఫులో అడ్డంగా, మీరు కొలిచేది నిలువుగా, రెంటికీ యూనిట్లు. టేబుల్ శీర్షిక పైన, బొమ్మ శీర్షిక కింద. విధానం భూతకాలంలో రాయాలి, వంటలా ముందుగా ఉప్పు తీసుకోండి అని ఆజ్ఞలు ఇవ్వకూడదు. ఫలితాల్లో ఏం చూశారో మాత్రమే, ఎందుకలా అయిందో చర్చలో. బరువు మార్పుని గ్రాముల్లో వదిలేయకుండా శాతంలో చెప్పాలి, మొదట ఉన్నదాంతో భాగించాలి: 4.0 గ్రాములది 3.4 అయితే మైనస్ 15 శాతం. మైనస్ గుర్తు వదిలేస్తే మార్కు పోయినట్టే. శాస్త్రీయ నామాలు ఇటాలిక్స్‌లో, మొదటి మాట పెద్దక్షరంతో, రెండోది పూర్తిగా చిన్నక్షరాల్లో. ఇవి మనకి బైపీసీలోనే చెప్పారు, ఏం మరిచిపోయామో ఏమో. ఇక చివర్లో నిరూపించాం అని ఎప్పుడూ రాయకండి. డేటా మా పరికల్పనకి మద్దతిచ్చింది, లేదా ఇవ్వలేదు, అంతవరకే.

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లో 22 శాతం అని వస్తే కాపీ కొట్టినట్టు కాదు. మీరు దించుకున్న ప్రశ్నలు, రిఫరెన్సులు కూడా ఆ లెక్కలో పడొచ్చు. కానీ ఒకే పేరా మొత్తం రంగు పట్టి ఉంటే దాన్ని మీ మాటల్లో తిరగరాయండి. చాట్‌జీపీటీ విషయంలో ఒక్కో ప్రొఫెసర్‌ది ఒక్కో రూలు, ఇంగ్లీషు సరిదిద్దుకోవడం వరకు సరే అనేవాళ్ళూ ఉన్నారు, వాసన తగిలితే సున్నా వేసేవాళ్ళూ ఉన్నారు. ఏదైనా సరే గూగుల్ డాక్స్‌లో రాసుకోండి, ఎప్పుడు ఏ వాక్యం రాశారో చరిత్రంతా అందులో ఉంటుంది, రేపు ఎవరైనా అనుమానిస్తే చూపించడానికి.

క్విజ్‌లు, పరీక్ష, పోస్టులు

క్విజ్ మొదలుపెట్టాక గడియారం ఆగదు, ట్యాబ్ మూసినా నడుస్తూనే ఉంటుంది. పరీక్షప్పుడు వేరే పేజీలు తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజర్ లాంటిది అడిగితే ముందు రోజే వేసి ప్రాక్టీస్ క్విజ్ రాసి చూసుకోండి. మా ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేద్దామంటే ఆ కంపెనీ రూల్స్ ఒప్పుకోలేదు, పరీక్షకి గంట ముందు లైబ్రరీకి పరిగెత్తాం. కెమెరా ఆన్‌లో ఉండే పరీక్షలో గదంతా తిప్పి చూపించాలి, ఎవరూ లోపలికి రాకూడదు, పైకి చదువుకోకూడదు. మన ఇంట్లో తలుపు తట్టి కాఫీ ఇచ్చేవాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి.

ప్రాక్టికల్ పరీక్ష అంటే మన స్పాటర్లే, బొమ్మ చూపించి ఇదేంటి అంటారు. ఉల్లి వేరు కొన స్లైడు ఇచ్చి ఇది ఏ దశ అని, కంటి కటకం 10 రెట్లు వస్తు కటకం 40 రెట్లు అయితే మొత్తం ఎంత అని (400). ఇందులో మనకి ఢోకా లేదు.

డిస్కషన్ పోస్టులు 5 శాతమే అని వదిలేస్తారు. మొదటి పోస్టు బుధవారం లోపు, ఇద్దరికి జవాబులు ఆదివారం లోపు, ఇలా రెండు గడువులుంటాయి, ఆదివారం అన్నీ కలిపి రాస్తే సగమే వస్తుంది. బాగా రాశావు, నేను ఒప్పుకుంటున్నా అని రాస్తే అదీ రాదు.

ఈమెయిల్, డ్రాప్, తల్లిదండ్రులు

రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టకండి. ప్రొఫెసర్ తర్వాత ఇంటిపేరు, సబ్జెక్టు లైన్లో కోర్సు నంబరు, సెక్షను, ఏ ల్యాబ్ గురించో, మొత్తం నాలుగు లైన్లు. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ నుంచే పంపండి. నాకెందుకు తక్కువ వేశారు అని కాకుండా, రూబ్రిక్‌లో మూడో గడికి నాలుగో పేజీలో రాశాను, ఒకసారి చూస్తారా అని అడగండి. నాకు అలా రెండుసార్లు మార్కులు పెరిగాయి. మార్కు వేసిన వారంలోపే అడగాలని సిలబస్‌లో గడువు ఉండొచ్చు. విద్యార్థుల కోసం ప్రొఫెసర్ కేటాయించే ఆఫీస్ అవర్స్‌కి జూమ్‌లో ఎవరూ రారు, ఖాళీగా కూర్చుని ఉంటారు పాపం, వెళ్ళండి. ఆరోగ్య సమస్యో వైకల్యమో ఉండి ఎక్కువ టైమ్ కావాలంటే ప్రొఫెసర్‌ని కాదు, కాలేజీలో దానికోసం ఉన్న ఆఫీసుని మొదటి వారమే కలవాలి, వెనకటి తేదీలకి అది వర్తించదు.

నడవట్లేదు అనిపిస్తే డ్రాప్ తేదీలు చూసుకోండి. టెక్సాస్‌లో 16 వారాల సెమిస్టర్‌కి, కాలేజీలో క్లాసులు నడిచే రోజుల్లో 12వ రోజు లోపు మానేస్తే ట్రాన్‌స్క్రిప్టులో (మార్కుల రికార్డులో) కనపడదు, ఆ తర్వాతైతే డబ్ల్యూ, అంటే మధ్యలో మానేశారన్న గుర్తు, పడుతుంది. పైగా ఇక్కడి ప్రభుత్వ కాలేజీల్లో 2007 నుంచి చేరినవాళ్ళకి డిగ్రీ మొత్తం మీద అలాంటివి ఆరే అనే లెక్క ఉంది. అయినా సీ గ్రేడు కంటే తక్కువ వచ్చేలా ఉంటే డబ్ల్యూనే నయం అని నా అభిప్రాయం, ఎందుకంటే డెంటల్, నర్సింగ్ వాళ్ళు మళ్ళీ చదివినా పాత గ్రేడు చూస్తారు కొన్నిచోట్ల.

డ్యూయల్ క్రెడిట్ పిల్లల అమ్మానాన్నలకి ఒక మాట. ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి మావాడి మార్కులెన్ని అని అడిగితే చెప్పరు. ఫెర్పా అని 1974 నాటి చట్టం, కాలేజీలో చేరాక పదహారేళ్ళ పిల్లాడైనా ఆ రికార్డు మీద హక్కు వాడిదే. వాణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని గ్రేడ్ల పేజీ తెరిపించండి, ఆ టిక్కు తీయించి చూడండి.

సెమిస్టర్ అయిపోయాక సిలబస్ పీడీఎఫ్, దిద్దిన రిపోర్టులు మీ దగ్గర దింపి పెట్టుకోండి. కొన్నాళ్ళకి కాన్వాస్‌లో ఆ క్లాసు కనిపించకుండా పోవచ్చు, ఇంకో యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు ఈ కోర్సులో ల్యాబ్ ఎన్ని గంటలు చేశారో చూపించమని అడిగేది ఆ కాగితాన్నే. నన్ను రెండేళ్ళ తర్వాత అడిగారు.